సంసారపక్షము: తుప్పు పట్టిన పాతజీపు

మిరపకోతలు ముగిసి సరుకు గుంటూరు యార్డునకు చేరిన పిదప ఇంటిలో నాలుగు రూకలు నిలుచును. ఆ సొమ్మునకు వేయి పనులు కాచుకొనియుండును. అందొకటి పాకలో నిలిచిన పాతజీపు. దానిని పాతసామానువానికి అమ్మివేయుదమా, బాగుచేయింతమా యను ప్రశ్న గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల పల్లెలలో తఱచు పుట్టునదే. మగవారు మొదట రంగు మాట నెత్తుదురు. ఇంటిలెక్క చూచు సోదరీమణులు ఆ మాటను కడపటికి త్రోయవలెనని మా విన్నపము. కంటికి కానరాని చోట ముందు వ్యయము చేసి, కనబడు చోట తుదిని చేయుటయే ఈ పనిలో పొదుపు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1945 వఱకు, అమెరికావారు ఆఱు లక్షలకు పైగా జీపులు చేసిరి. మన దేశమున 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చుట కారంభించిరి. నాలుగు చక్రములును లాగు బండి గావున వానకాలపు రేగడిడొంకలలో రైతునకు అక్కఱకు వచ్చినది. ఆ రేగడియే దానికి శత్రువు కూడ నైనది.

రాత్రి కడిగి తడితో నుంచిన ఇనుపపెనము తెల్లవాఱుసరికి ఎఱ్ఱబాఱుట మనమెఱుగుదుము. తుడిచి నూనె పూసినచో అట్లు కాదు. నీరు, గాలి రెండును ఇనుమునకు తగులకుండ జేయుటయే ఉపాయము. నల్లరేగడి నీటిని విడువదు. చక్రములపై మడుగార్డుల లోపల అంటుకొని, పైకి ఎండినట్లు కనబడుచు లోపల చెమ్మగనే యుండును. చీరాల, చినగంజాము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి తుప్పును మఱింత త్వరపెట్టును. ఎరువుబస్తానుండి రాలిన పొడియు ఉప్పువంటిదే; అది నేలరేకుపై చెమ్మను పిలిచి కూర్చుండబెట్టును. యుద్ధకాలపు జీపులలో నేలరేకు క్రింది కమ్ములలో కఱ్ఱముక్కలు ఇమిడ్చిరి. అవి నీరు పీల్చుటచే కమ్ములు లోపలినుండియే పుచ్చినవి. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గావున రంగు పొక్కులెత్తును. ఆ పొక్కుపై క్రొత్తరంగు వేయుట పుండుపై పట్టుగుడ్డ కప్పుట వంటిది.

మొదట బండి అడుగుభాగమును బాగుగ కడిగించి, వేసవియెండలో రెండు మూడు దినములు ఆఱనిండు. పిదప చిన్నసుత్తితో మెల్లగ మొట్టి చూడుడు. కుమ్మరియొద్ద కుండను మొట్టి కొనుట మనకు తెలిసిన విద్యయే. గట్టిరేకు ఖంగుమనును, పుచ్చినది డొల్లగ పలుకును. అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుపై జరుపుడు. అది పట్టక జాఱిన చోట రంగుక్రింద పుట్టీ దట్టముగ నున్నదని తెలియవలెను. మొనగల పనిముట్టుతో ఛాసిస్‌ను, బాడీని దానికి బిగించిన చోట్లను, కాళ్లుంచు నేలరేకును పొడిచి చూడుడు. ఛాసిస్‌లోనే పలుచోట్ల మొన దిగబడినచో ఆ బండి రంగునకు ఒక రూపాయియు పెట్టవలదు. ఎక్కువారి ప్రాణములు ఆ కమ్ములమీదనే యున్నవి.

పైతుప్పును తీగబ్రష్షుతోను, గరుకుకాగితముతోను ఇంటివారే రాచివేయవచ్చును. ఇనుము తెల్లబడిన దినముననే రెడ్ఆక్సైడు పూయవలెను. మఱునాటికి రాత్రి చెమ్మయే దానిని చెఱచును. గుంటలలో మిగిలిన తుప్పునకు టానిను గల ద్రావకము బజారున దొరకును. కరక్కాయరసములో ఊఱిన గుడ్డపై ఇనుపనీరు సోకి నల్లబాఱుట పెడన కలంకారీవారి అద్దకములో చూతుము. ఈ ద్రావకమును ఆ న్యాయముననే తుప్పును నల్లనిపొరగ మార్చును. ఐనను అది చిల్లును పూడ్చజాలదు. ఇత్తడిని తోమినట్లు చింతపండుతో బండిని తోమరాదు. అతుకులలో నిలిచిన పులుపు లోలోపల తినుచునే యుండును.

చిల్లుపడిన చోట గట్టిరేకు వచ్చువఱకు కోసి, అంతే మందముగల క్రొత్తరేకు అతికింపవలెను. పనివారు 18 గేజి యనునది సుమారు 1.2 మిల్లీమీటర్ల మందముండును. పుచ్చినదానిని కోయక పైన రేకు కప్పుట చివికిన చీరకు మాసిక వేసినట్లే. మాసిక నిలుచును, చుట్టునున్న గుడ్డ చినుగును. వెల్డింగు ఒకే గీతగ సాగినచో పలుచనిరేకు వేడికి వంకరపోవును గావున చుక్కచుక్కగ, ఎడమెడముగ వేయింపవలెను.

గుంటూరు, విజయవాడ ఆటోనగరములందు ఈ పని తెలిసిన టింకరింగు మేస్త్రులు కలరు. సీట్లు విప్పుట, కడుగుట, రాచుట, అడుగుపూత ఇంట జరిగినచో కోత, అతుకు మాత్రమే వారికి మిగులును. కూలి ఆ మేరకు తగ్గును. రంగుతో కలిపి మొత్తముగ బేరమాడరాదు. “పుట్టీ పెట్టకమునుపు మేము చూడవలెను” అను మాట ముందే చెప్పుడు. అడుగుపూత యొక్కటియే చాలదు, అది చెమ్మను పీల్చును. పైన చౌకయెనామెలు కుంచెతో పూసినను రక్షణ కలుగును. మెఱుగు మఱుసటి ఏటికి నిలిపినను కొఱత లేదు.

మూడు జాగ్రత్తలు మఱవరాదు. పాతజీపులలో పెట్రోలుతొట్టి తఱచు డ్రైవరుసీటు క్రిందనే యుండును. ఖాళీ కదా యని దాని నుంచి వెల్డింగు చేయుట మఱింత ప్రమాదము, ఆవిరియే ప్రేలును. తొట్టిని విప్పి దూరముగ నుంచి, బాటరీతీగ తీసిన పిదపనే నిప్పు ముట్టింపవలెను. రెండవది, జింకుపూత రేకు అతికించునప్పటి పొగ జ్వరము తెచ్చును గావున అతుకుచోట ఆ పూతను గీకివేయవలెను. మూడవది, పాతరంగులలో సీసముండవచ్చును. దాని ధూళి పసిపిల్లల మెదడునకు చేటు. మిరపకాయలు ఆఱబోయు కల్లమున రంగు గీకరాదు. తడిపి గీకి, రాలినదానిని కాగితమున ఎత్తి, ఆ బట్టలను వేఱుగ ఉతుకవలెను.

పనికి దిగుటకు ముందే పత్రములు చూచుకొనుడు. సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును; పిదప తనిఖీ చేయించి 5 ఏండ్ల చొప్పున పొడిగించుకొనవలెను. 50 ఏండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వము వింటేజి తరగతి నేర్పఱచినది. కాని ఆ తరగతి బండిని ప్రదర్శనలు, ర్యాలీల వంటివానికే తీయవచ్చును, నిత్యము పొలమునకు తోలరాదు. పొలము పనికైనచో సాధారణ రిజిస్ట్రేషనే తగినది. బాగుచేయు నెపమున బండి స్వరూపమును మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, ఒప్పదు.

బాగుపడిన బండిని మరల తుప్పునకు అప్పగింపకుండుట ఇంటివారి వంతు. వానకాలమున పొలమునుండి వచ్చినంతనే మడుగార్డుల మట్టి కడుగుట, నేలరేకులోని నీటిరంధ్రములు పూడకుండ చూచుట, ఎరువుబస్తాలక్రింద పట్టా పఱచుట, ఏటికొకమాఱు మూసిన కమ్ములలోనికి నూనె చిమ్మించుట, ఇవి పెద్ద వ్యయము లేనివి. పెనమును తుడిచి నూనె రాయు చేతికి ఇవి కష్టములు కావు.