మెట్ట బిడ్డకు దగ్గరి కళాశాలే అండ

విజయవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికే ఆనకట్ట పూర్తయింది. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట భూములు మాత్రం కాలువ నీళ్ల కోసం 1967లో నాగార్జున సాగర్ తూములు ఎత్తేదాకా ఎదురుచూశాయి. అప్పుడైనా దక్కింది ఎడమ కాలువ చివరి ఆయకట్టే. చదువుల్లోనూ అదే వరస. బందరు (మచిలీపట్నం)లో రాబర్ట్ నోబుల్ 1843లోనే బడి తెరిచాడు, తర్వాత అది కళాశాల అయింది. గుడివాడ కళాశాల అక్కినేని నాగేశ్వరరావు విరాళం అందుకుని ఆయన పేరు పెట్టుకుంది. పంటలో మిగులున్న చోట దాతలు పుట్టుకొచ్చారు, దాతలున్న చోట కళాశాలలు లేచాయి. వానను నమ్ముకున్న మెట్టలో ఆ బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బాకీ ఇంకా తీరలేదు.

జగ్గయ్యపేటలో గెంటేల శకుంతలమ్మ పేరిట ఎస్.జి.ఎస్. కళాశాల, నందిగామలో కాకాని వెంకటరత్నం పేరిట కె.వి.ఆర్. కళాశాల ఉన్నాయి. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు పల్లెలకు డిగ్రీ అంటే మొదట గుర్తొచ్చేవి ఇలాంటి ఊరి కళాశాలలే. వీటి విలువ తెలియాలంటే దూరం లెక్క చూడాలి. విజయవాడ నందిగామకు దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు 80 దాకా. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం మచిలీపట్నంలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే విజయవాడ దాటి ఇంకో 70 కిలోమీటర్లు పోవాలి. హాస్టల్ ఖర్చు భరించలేని కూలి ఇంట్లో ఇంటర్ అయిన ఆడపిల్ల చదువు ఈ దూరం దగ్గరే ఆగిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగులో టికెట్ లేదు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో మంచి కళాశాల ఉంటేనే ఆ ఉచితం చదువుగా మారుతుంది.

ప్రభుత్వం ఖర్చు పెట్టడం లేదని అనలేం. 2008-09 నుంచి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజినీరు పుట్టాడు. అది చిన్న మేలు కాదు. అయితే ఆ డబ్బు విద్యార్థి వెంట పోతుంది, ఊళ్లో లెక్చరర్ పోస్టుగానో ప్రయోగశాలగానో నిలవదు. పైగా పథకం ఒక్క సంతకంతో ఆగిపోగలదు. ప్రైవేటు కళాశాలల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ 2020 డిసెంబరులో జీవో 77తో ఆగింది. మరోవైపు ప్రైవేటు యాజమాన్యం కింద ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు రాష్ట్రమంతా విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఎయిడ్ పోతే ఫీజు పెరుగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చివరికి ఎయిడెడ్‌గానే కొనసాగే వెసులుబాటు ఇవ్వక తప్పలేదు.

ఊరి కళాశాలను బలపరచడానికి నమూనాలు లేకపోలేదు. అమెరికాలో 1901లో జోలియెట్ పట్టణంలో మొదలైన రెండేళ్ల కళాశాలలే కమ్యూనిటీ కాలేజీలుగా ఎదిగి నేడు వెయ్యి దాకా ఉన్నాయి. తక్కువ ఫీజు, ఇంటికి దగ్గర, ఉద్యోగం చేసుకుంటూ చదివే వీలు, పైచదువుకు దారి: వాటి బలం ఇదే. మన దగ్గర పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో ఇలాంటి కళాశాల పెట్టింది. యూజీసీ 2013లో పథకమే తెచ్చింది. నిజానికి ఈ ఆలోచన కృష్ణా జిల్లాకు కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు బందరు జాతీయ కళాశాలలో చదువుతో పాటు చేతి పనులు నేర్పించారు.

చదువుకు పనిని జోడించే వీలు మెట్టలోనూ ఉంది. జగ్గయ్యపేట చుట్టూ జయంతిపురం, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటికి ముడిసరుకు ఈ నేలలోని సున్నపురాయే. బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో విద్యార్థి బ్యూరెట్‌లో ఈడీటీఏ ద్రావణం పోసి, వైన్ ఎరుపు రంగు నీలంగా మారేదాకా చుక్క చుక్కగా వదిలి నీటి కఠినత్వం కొలుస్తాడు. సున్నపురాయిలో కాల్షియం శాతం తేల్చడానికీ ఇదే సూత్రం పనికొస్తుంది. ఈ ప్రాక్టికల్‌కు ఫ్యాక్టరీ ల్యాబులో ఒక సెమిస్టర్ శిక్షణ జోడిస్తే డిగ్రీ చేతికొచ్చేసరికి పనీ చేతికొస్తుంది. నందిగామ మిరపకూ అంతే. ఎగుమతికి అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష తప్పనిసరి అయిన రోజుల్లో ఆ పరీక్ష నేర్పే సర్టిఫికెట్ కోర్సు రైతు బిడ్డకు ఎందుకు ఉండకూడదు? రాష్ట్రంలో డిగ్రీకి 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. దానికి అర్థం రావాలంటే దారి ఇదే.

డబ్బెక్కడిదని అడుగుతారు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం 2015 జనవరి 12కు ముందు లీజులు పొందినవారు రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్మును జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు కట్టాలి. ఆ నిధి వాడకంలో విద్య ప్రాధాన్య రంగమే. తవ్విన నేల పిల్లల చదువుకు అందులో వాటా అడగడం దానం అడగడం కాదు. విద్యకు జాతీయాదాయంలో ఆరు శాతం ఇవ్వాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే మాట చెప్పింది. అరవై ఏళ్లుగా మాట మాటగానే ఉంది.

2022లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా మెట్ట పిల్లల దూరం తగ్గలేదు. ఖాళీ పోస్టులు నింపాలి, ప్రయోగశాలలు బాగుచేయాలి, పని చేసుకునేవారికి సాయంత్రం తరగతులు పెట్టాలి, క్లాసుల వేళకు బస్సు నడపాలి. నందిగామ, జగ్గయ్యపేట ఎమ్మెల్యేలు పార్టీలతో పని లేకుండా ఈ నాలుగూ సాధించాలి. ఓటు అడగడానికి వచ్చినవారిని రోడ్డు గురించి అడిగినట్టే ఊరి కళాశాల గురించీ ప్రజలు నిలదీయాలి.