ముందు బోర్డు పేరు చెప్పమనండి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగినా, బెజవాడలోనో వరంగల్‌లోనో వీధి చివరి దుకాణంలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా గేమింగ్ కంప్యూటర్ అమ్మేవాళ్లు మొదట అనే మాట ఒకటే. “ఐ7 ఉంది సార్.” ఆ మాటతోనే బేరం సగం కుదిరిపోతోంది. ఎన్నో జనరేషన్ ఐ7? ఏ బోర్డు మీద బిగిస్తున్నారు? నాలుగేళ్ల తర్వాత ఆ బోర్డు మీద ఇంకేం ఎక్కుతుంది? ఈ మూడూ అడిగే నాథుడు లేడు. అడగరన్న ధైర్యంతోనే కొటేషన్ మీద ప్రాసెసర్ పేరు పెద్దక్షరాల్లో రాసి, బోర్డు దగ్గరికొచ్చేసరికి “కంపాటిబుల్ మదర్‌బోర్డు” అని రెండు ముక్కలతో సరిపెడుతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రంగురంగుల లైట్ల క్యాబినెట్ బొమ్మ పెట్టి “ఐ7, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డుతో గేమింగ్ పీసీ” అని ఆన్‌లైన్‌లో అమ్మే చవక సరుకును ఒకసారి విప్పి చూడండి. లోపల మూడో తరం ఐ7-3770 కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది 2012లో వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు, డీడీఆర్3 ర్యామ్. ఏ ఆఫీసు పాత సిస్టమ్‌లోంచో ఊడదీసి, ఊరూ పేరూ లేని హెచ్61 బోర్డుకు బిగించి, పక్కన 2014 నాటి జీటీ 730 కార్డు పెట్టి పంపుతారు. విండోస్ 11కు దాన్ని మైక్రోసాఫ్ట్ అర్హంగా గుర్తించదు. ఐ7 అన్నది అబద్ధం కాదు. కానీ ఇది నూటికి నూరుపాళ్లు దగా. కొడుకు బీటెక్‌లో చేరాడనో, కూతురు యానిమేషన్ నేర్చుకుంటోందనో చీటీ పాడి తెచ్చిన డబ్బు అలాంటి డబ్బాలో పోస్తున్నారు. పాత సామాను అని చెప్పి పాత సామాను ధరకు అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. తరం దాచి, సంవత్సరం దాచి అమ్మడాన్ని వ్యాపారమని నేను ఒప్పుకోను.

సరే, కొత్త సరుకే కొంటున్నారనుకుందాం. అక్కడా ఇదే గుడ్డితనం. ఎద్దుల బలం చూసి మురిసి, ఇరుసు చూడకుండా బండి కొన్నట్టు ఉంటుంది మన ఎంపిక. ప్రాసెసర్‌ను అరగంటలో మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే సిస్టమంతా విప్పాలి, తరచూ ర్యామ్ కూడా కొత్తది కొనాలి, విండోస్ యాక్టివేషన్‌తో తంటాలు పడాలి. అందుకే సాకెట్, చిప్‌సెట్, ర్యామ్ రకం, ఈ మూడూ కలిసిన ప్లాట్‌ఫామే అసలు నిర్ణయమని నేను గొంతు చించుకుంటున్నాను.

2017నే తీసుకోండి. ఆ జనవరిలో ఇంటెల్ ఐ7-7700కే వచ్చింది. ఆటల్లో ఆనాడు అది మేటి, కాదనను. మార్చిలో ఏఎండీ మొదటి రైజెన్లు ఏఎం4 సాకెట్ మీద వచ్చాయి. ఆటల్లో ఇంటెల్ కంటే ఒక మెట్టు కిందే. దాంతో చాలామంది 7700కే వైపే మొగ్గారు. అక్టోబర్లో ఎనిమిదో తరం దిగింది. సాకెట్ పేరు అదే ఎల్‌జీఏ 1151, పిన్నుల సంఖ్యా అదే, అయినా పాత బోర్డు పనికిరాదు, 300 సిరీస్ బోర్డు కొనుక్కోవాల్సిందేనంది ఇంటెల్. ఏడాది తిరగకముందే ఆ దారి మూసుకుపోయింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో 7700కే లేదు. అటు రైజెన్ 1700 కూడా ఆ జాబితాలో లేదు. కానీ ఆ రైజెన్ కొన్నవాళ్లలో చాలామందికి ఒక దారి మిగిలింది. బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డు మీద, అదే డీడీఆర్4 ర్యామ్‌తో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఐదేళ్ల బోర్డు మీద, ఆటల్లో ఆనాటి మేటి చిప్‌లతో పోటీపడే ప్రాసెసర్! కొన్న రోజు వెనకబడ్డవాళ్లు ఐదేళ్లకు ముందుకొచ్చారంటే ఆ ఘనత ప్రాసెసర్‌ది కాదు, బోర్డుది.

ఏఎండీని పల్లకీ ఎక్కించడానికి ఇది చెప్పడం లేదు. 2020 మేలో బీ450, ఎక్స్470 బోర్డుల మీద రైజెన్ 5000 నడవదని చెప్పింది ఆ కంపెనీయే. కొన్నవాళ్లు దుమ్మెత్తిపోస్తే అదే నెలలో మాట మార్చుకుంది. 300 సిరీస్ బోర్డులవాళ్లయితే 2022 దాకా ఆగాల్సి వచ్చింది. థ్రెడ్‌రిప్పర్ 3000 కోసం టీఆర్ఎక్స్40 బోర్డులను వేలకు వేలు పోసి కొన్నవాళ్లకు ఆ సాకెట్ మీద రెండో తరమే ఇవ్వలేదు. ఏ కంపెనీకీ మన మీద ప్రేమ లేదు. అడిగితే ఇస్తాయి, అరిస్తే ఇస్తాయి.

ఇక మల్టీటాస్కింగ్. ఈ మాట అడ్డం పెట్టుకుని జరుగుతున్న దోపిడీ అంతా ఇంతా కాదు. “బాబు గేమ్ ఆడుతూ రికార్డింగ్ చేస్తాడు, డిస్కార్డ్‌లో మాట్లాడతాడు, పక్కన యూట్యూబ్ నడుస్తుంది” అని చెప్పగానే ఐ9 వైపు వేలు చూపిస్తారు. 14900కేలో 24 కోర్లు ఉన్నమాట నిజం. అందులో పెద్దవి 8, చిన్నవి 16. కానీ ఆ పిల్లాడు చెప్పిన పనుల్లో ఏది ఎవరి మీద పడుతుందో విడమరిచి చూడండి. రికార్డింగ్, స్ట్రీమింగ్ బరువు గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ మోస్తుంది. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్విడియా కార్డుల ఎన్‌కోడర్ ఎన్వెంక్‌ను ఎంచుకుంటే ప్రాసెసర్‌కు పెద్దగా తెలియనే తెలియదు. డిస్కార్డ్, బ్రౌజర్ ట్యాబ్‌లు తినేది ర్యామ్‌ని. 16 జీబీ నిండిపోతే విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. ఆటలో జెర్క్ అప్పుడే వస్తుంది. దానికి మందు 32 జీబీ ర్యామ్, ఐ9 కాదు. మరి ఆట? చాలా ఆటల్లో ఒకటి రెండు థ్రెడ్ల మీదే ప్రధాన భారం పడుతుంది. ఆ థ్రెడ్లు ఎక్కువసేపు ర్యామ్ నుంచి డేటా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అందుకే ఏఎండీ 8 కోర్ల 7800ఎక్స్3డీ, డేటాను ప్రాసెసర్‌లోనే దాచుకునే 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో ఆటల్లో 24 కోర్ల చిప్‌కు దీటుగా నిలిచింది, చాలాచోట్ల మించింది. ఏఎండీ 16 కోర్ల 7950ఎక్స్3డీలో సైతం ఆ అదనపు క్యాష్ ఉన్నది 8 కోర్ల మీదే.

రోజూ గంటల కొద్దీ వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లకు, బ్లెండర్‌లో రెండర్ చేసేవాళ్లకు, పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసేవాళ్లకు, వర్చువల్ మెషీన్లు నాలుగైదు నడిపేవాళ్లకు కోర్లు కావాలి. వాళ్లు కొనాలి. వాళ్ల అవసరాన్ని చూపించి ఆటలాడే పిల్లలకు అంటగట్టడమే నేరం.

పైగా ఆ ఐ9 పూర్తి లోడ్‌లో, ఇంటెల్ లెక్క ప్రకారమే, 253 వాట్ల దాకా లాగుతుంది. మన ఇళ్లల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు. ఆ ఐ9కి 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కలిస్తే కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఆ వేడి ఎక్కడికి పోతుంది? విదేశీ రివ్యూలు చల్లటి గదుల్లో కొలిచిన అంకెలు మన గదులకు వర్తించవు. 7800ఎక్స్3డీ ఆటల్లో సాధారణంగా వంద వాట్లు కూడా దాటదు. ఈ తేడా ఒక్కటే చాలు, మన ఊళ్లలో ఆటల కోసం కొనేవాళ్లెవరికీ ఆ ఐ9ని సిఫారసు చేయకపోవడానికి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌ల సంగతి మరీ ఘోరం. ఆటలు ఉన్నట్టుండి క్రాష్ అవుతున్నాయని కొన్నవాళ్లు నెలల తరబడి మొత్తుకున్నాక 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది: మైక్రోకోడ్ తప్పు వల్ల చిప్‌కు అవసరానికి మించి ఓల్టేజ్ పోతోందని. ఆగస్టులో సవరణ వచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ తరం ఐ7, ఐ9 చవగ్గా దొరుకుతున్నాయని ఎగబడేవాళ్లు ఇది విని కొనండి. అది ఏ బయోస్ మీద ఎన్నాళ్లు నడిచిందో అమ్మేవాళ్లకే తెలియదు.

కొత్తగా కొనేవాళ్లకు నా మాట: 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఏఎం5. దాన్ని 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ బహిరంగంగా చెప్పింది. మంచి బీ650 బోర్డు, ఆరు కోర్ల రైజెన్ 5 7600, 16 జీబీవి రెండు స్టిక్కులు. మిగిలిన డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద, మంచి ఎస్ఎంపీఎస్ మీద పెట్టండి. త్రీడీ క్యాష్ ప్రాసెసర్ రెండు మూడేళ్ల తర్వాత అదే సాకెట్‌లో ఎక్కుతుంది. ఒకే స్టిక్కు ఇచ్చి “తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు” అంటే వినకండి; డ్యూయల్ ఛానల్ పోతుంది, ఫ్రేములు పోతాయి. ర్యామ్ పెట్టాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేశారా అని అడగండి. ఆన్ చేయకపోతే 6000కు డబ్బు కట్టి 4800 దగ్గర నడుపుకుంటారు. చిన్న బడ్జెట్ అయితే, పైగా 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశాన్నంటాక, ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లకు ఏఎం4 ఇప్పటికీ సిగ్గుపడాల్సిన ఎంపిక కాదు. కాకపోతే రైజెన్ 5 5600 అడిగితే 5500 చేతిలో పెడతారు. అందులో క్యాష్ సగమే, పీసీఐఈ కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది.

అమ్మేవాళ్లను, కంపెనీలను నేను అడిగేది ఇంతే. కొటేషన్‌లో బోర్డు పూర్తి మోడల్ పేరు, ప్రాసెసర్ విడుదలైన సంవత్సరం, అది కొత్తదా ఊడదీసిందా అన్న మాట రాసి సంతకం పెట్టండి. బోర్డు డబ్బా మీద ఆ సాకెట్‌కు ఏ సంవత్సరం దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తారో అచ్చువేయండి. మందుసీసా మీద ఎక్స్‌పైరీ తేదీ వేయగలిగిన దేశంలో వేల రూపాయల వస్తువు మీద ఆ ఒక్క అంకె ఎందుకు వేయలేరో జవాబు చెప్పండి.