జహీరాబాదు చేలలో మహిళా కర్షకులు

2026వ సంవత్సరమును అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 2024లో తీర్మానించినది. భారతదేశమున ఈ తీర్మానమునకు విశేష ప్రాధాన్యము కలదు. గ్రామములలో పనిచేయు స్త్రీలలో నూటికి 75 మందికి పైగా వ్యవసాయము చేయువారే. అయినను 2015-16 వ్యవసాయ గణనలో సాగుదారులుగా లెక్కకు వచ్చిన స్త్రీలు నూటికి 14 మంది మాత్రమే. విత్తునది, కలుపు తీయునది స్త్రీ. రైతు అను పేరు పురుషునిది.

ఆ పేరునకు తగిన విజ్ఞానము స్త్రీలకు కలదా యను సందేహమునకు సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమే సమాధానము. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అచటి మహిళా సంఘములు పాత పంటలను నిలుపుకొన్నవి. సభ్యులలో అధికులు పేద దళిత స్త్రీలు. వారి కమతములు చిన్నవి, వానయే ఆధారము. ఒకే చేనిలో జొన్న, కొర్ర, కంది, పెసర, అనుము, నువ్వు మున్నగువానిని కలిపి విత్తుదురు. ఇది ఛాందసము కాదు, ముందుచూపు. వాన త్వరగా వెనుదీసినచో మూడు నెలల కొర్ర చేతికి వచ్చును. ఆలస్యముగా కురిసినచో కంది కాపునిచ్చును. పప్పుజాతి పైరులు నేలకు నత్రజనిని చేకూర్చును. గింజ ఇంటికి, చొప్ప పశువులకు, పేడ మరల చేనికి చేరును. నీరు పెట్టకుండ, శీతకాలపు మంచు తేమతో పండు పైరులను వారు ‘సత్యం పంటలు’ అందురు.

విత్తనమును వారు బూడిద, వేపాకు కలిపి, అలికిన బుట్టలలో దాచుదురు. ఇరుగుపొరుగువారికి బదులిచ్చి, పంట వచ్చిన పిమ్మట కొంత హెచ్చుగా తిరిగి పుచ్చుకొందురు. ఏటేట సంక్రాంతికి ఎడ్లబండ్లపై ఈ విత్తనములను ఊరూర త్రిప్పుచు పాత పంటల జాతర జరుపుదురు. రైతులు, విద్యార్థులు, విదేశీయులు సైతము వచ్చి ఈ చేలను చూచి పోవుచుందురు. 2019లో ఈ సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

పొలమునకు అతిథులను రప్పించుట నేడు ఒక ఆదాయమార్గముగా కూడ పరిగణింపబడుచున్నది. మహారాష్ట్ర ప్రభుత్వము 2020లో వ్యవసాయ పర్యాటక విధానమునే ఆమోదించినది. ఆదాయము కోరుట దోషము కాదు. కాని అతిథి కొరకే పొలమును అలంకరించిన నాడు అది ప్రదర్శనశాల యగును. జహీరాబాదు చేలు ముందు ఇంటివారి కడుపు నింపును. చూడవచ్చినవారు అచట విద్యార్థులు, ఆ స్త్రీలే ఉపాధ్యాయులు.

ఈ గౌరవము కాగితముపై కూడ కనబడవలెను. హిందూ కుటుంబములలో ఉమ్మడి ఆస్తిపై కుమార్తెలకు ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు సమాన హక్కు కలదు. అయినను పుట్టినింటి ప్రేమ పోవునను భయముతో భాగమడుగని ఆడపడుచు లెందరో! పట్టా లేనిచో బ్యాంకు అప్పు దుర్లభము. 2018లో ఆరంభమైన రైతుబంధు సాయము కూడ పట్టాదారులకే అందినది.

విహారయాత్రలకు పిల్లలను కోటలకు, ఆనకట్టలకు గొనిపోవు పాఠశాలలు ఒక్కనాడైన ఇట్టి చేనికి గొనిపోదురు గాక! అచట పైరుల పేర్లతోపాటు, ఈ నేల ఎవరి పేర నున్నదో కూడ విద్యార్థులు అడిగి తెలిసికొనవలెను. ఆ ప్రశ్నకు ‘నా పేరనే’ యని ప్రతి మహిళా రైతు చెప్పగలిగిన నాడే అంతర్జాతీయ సంవత్సరము సార్థకమగును.