ఉమ్మడి కంప్యూటర్‌కు తాళమెందుకు?



ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కూ, మగ్గాల మధ్య ఉన్న కంప్యూటర్‌కూ తేడా ఉందని షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది ఉత్తర్వులు జారీచేసే వారికే. నెట్‌వర్కులోని కంప్యూటర్లన్నిటికీ ఒకటే ఆజ్ఞ: కొంతసేపు ఎవరూ తాకకపోతే తెర మూసుకుపోవాలి, పాస్‌వర్డ్ కొడితేనే మళ్ళీ తెరుచుకోవాలి. ఈ గడువు సాధారణంగా 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు. కొన్నిచోట్ల ఇంకా తక్కువ.

ఒక మనిషి, ఒక కుర్చీ ఉన్నచోట ఇది మంచి నియమమే. కానీ షెడ్డులో ఒక్క కంప్యూటర్‌ను మూడు షిఫ్టుల వాళ్ళూ వాడాలి. మగ్గం ఆగితే పోగు తెగిందా, బీము అయిపోయిందా, కరెంటు పోయిందా, మెకానిక్ కోసం ఆగిందా అని అందులో నమోదు చేయాలి. చేతులకు నూనె, ఎదురుగా మూసుకున్న తెర. పాస్‌వర్డ్ తెలిసిన సూపర్‌వైజర్ షెడ్డు ఆ చివర ఉంటాడు. ఆయన వచ్చేలోగా ఇంకో మగ్గం ఆగుతుంది. కారణం నమోదు కాని ఆపుదల చివరికి కార్మికుడి ఖాతాలోనే పడుతుంది. ఇన్సెంటివ్ పోయేదీ అతనికే.

పోనీ, భద్రత పెరిగిందా? పని ఆగకూడదు గనుక పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి తెర పక్కనే అంటిస్తారు. ఒకరి పేరుతో తెరిచిన కంప్యూటర్‌లో అందరూ నమోదు చేస్తారు. రేపు లెక్క తేడా వస్తే, పేరున్న వాడికే మెమో! దొంగను ఆపని తాళం దొరను మాత్రం బయట నిలబెట్టింది.

వైరస్ భయం చూపిస్తారు. 2017 మే నెలలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది తెర తెరిచి ఉండడం వల్ల రాలేదు. విండోస్‌లోని లోపానికి మార్చిలోనే వచ్చిన మరమ్మత్తును వేసుకోని కంప్యూటర్ల ద్వారా నెట్‌వర్కులో పాకింది.

అన్ని తాళాలూ తీసేయమని మనం అడగడం లేదు. జీతాలు, పీఎఫ్, ఆధార్, బ్యాంకు వివరాలున్న కంప్యూటర్లకు గట్టి తాళం ఉండాల్సిందే. అవి మన వివరాలు. మనం అడిగేది ఇదీ:

1. షెడ్డులోని ఉమ్మడి కంప్యూటర్ల జాబితా రాసి, వాటిని వేరే గ్రూపులో పెట్టి, ఈ ఆజ్ఞ నుంచి మినహాయించాలి. సర్వర్‌లో ఇది సాధ్యమయ్యే పనే.
2. వాటిలో నమోదు ప్రోగ్రాం తప్ప ఇంటర్నెట్, మెయిల్, పెన్ డ్రైవ్ ఏవీ పనిచేయకూడదు.
3. ప్రతి నమోదూ కార్మికుడి టోకెన్ కార్డుతో, అతని పేరు మీదే జరగాలి.
4. అంతవరకు ఉమ్మడి పాస్‌వర్డ్‌తో చేసిన నమోదును ఆధారంగా చూపి ఎవరికీ జరిమానా వేయరాదు.

నాలుగోది దయాభిక్ష కాదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా జరిమానా వేయకూడదు. వేసినా, ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం మించకూడదు. నమోదు చేసింది ఎవరో తేలనప్పుడు సంజాయిషీ ఎవరిని అడుగుతారు?

హొసకోటె మిల్లు కార్మికులారా! తెర మూసుకుపోయిన ప్రతిసారీ తేదీ, షిఫ్టు, మగ్గం నంబరు, పోయిన నిమిషాలు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. వర్క్స్ కమిటీ ముందు ఆ పుస్తకమే మన సాక్ష్యం.