యాపుల వేషము మార్చు హక్కు ఎవరిది?

నిన్న నీలముగా నున్న బటను నేడు ఆకుపచ్చగా నున్నది. నిన్న తెర పైభాగమున నున్న గుర్తు నేడు అడుగునకు దిగినది. ఇందులో వాదింపదగినదేమున్నదని కొందఱు నవ్వవచ్చును. ఇల్లు గలవాడు తన గోడకు తన కిష్టమైన సున్నము వేసికొనడా యని అడుగవచ్చును. కాని యాపు అనునది దానిని చేసినవాని యిల్లు మాత్రమే కాదు. దానిద్వారా సొమ్ము పంపువారు, రైలు టిక్కెట్టు కొనువారు, పిల్లల ఫీజు కట్టువారు కోట్లకొలది జనులు. ఒక విధముగా అది సంతవీధివంటిది. కావున దాని వేషము మార్చు హక్కులో సగపాలైనను వాడుకొనువారికి చెందవలెనని నా అభిప్రాయము. అందుకు గల కారణములను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయుచున్నాను.

మొదట ఈ మార్పు ఎట్లు జరుగునో తెలిసికొందము. చక్కగా వ్రాసిన యాపులో బటను చేయు పని యొకచోటను, దాని రూపము వేఱొకచోటను ఉండును. నొక్కినప్పుడు సొమ్ము పంపవలెనను ఆజ్ఞ ఒక ఫైలులో నుండగా, బటను రంగు, మూలల గుండ్రదనము, నీడ, అక్షరముల పరిమాణము మొదలగునవి మఱియొక ఫైలులో నుండును. ఆండ్రాయిడ్ ఫోనులకు యాపులు చేయువారు దీనిని థీమ్ అందురు. ఆ థీమ్‌లో ప్రధానమైన రంగునకు ఒక పేరు పెట్టి, దాని కెదురుగా ఆ రంగు సంకేతమును వ్రాయుదురు. ఆ సంకేతములోని ఆఱు గుర్తులను మార్చినచో యాపులోని నూఱు బటనులు ఒక్కసారిగా రంగు మార్చుకొనును. ఐఫోనునందును 2011వ సంవత్సరపు ఐఓఎస్ 5 మొదలుకొని ఒక జాతి బటనులన్నిటికి ఒకేసారి రూపమును నిర్ణయించు ఏర్పాటు కలదు. వెబ్ పుటలు చేయుట నేర్చుకొను మన పై తరగతుల పిల్లలు స్టైల్ షీటులో చేయు పనియు ఇట్టిదే.

ఇది మంచి యేర్పాటు, సందేహము లేదు. రూపమును పనినుండి వేఱుచేయుటచేతనే ఒకే యాపు పగటి కొక రంగు, రాత్రి కొక రంగు ధరింపగలుగుచున్నది. అయితే చిక్కు కూడ ఈ సౌకర్యములోనే ఉన్నది. మార్చువానికి అది పది నిమిషముల పని. భరించువానికో, చేతికి వచ్చిన అలవాటును మఱచి మరల మొదటినుండి నేర్చుకొను పని. ముచ్చట యొకనిది, మూల్యము మఱియొకనిది.

అలవాటు అను మాటను తేలికగా తీసికొనరాదు. చదువుకొన్నవాడు తెరమీది అక్షరములు చదివి నడచును. చదువు రానివారు, ఇంగ్లీషు రానివారు, చూపు మందగించినవారు చోటును బట్టి, రంగును బట్టి, ఆకారమును బట్టి నడతురు. క్రింద కుడిప్రక్కనున్న పచ్చని గుండ్రము అనునదే వారికి అక్షరమాల. మా పేటలో కూరగాయలమ్ము ఒక పెద్దమ్మ కలదు. ఆమె కొడుకు పట్టణమున హాస్టలులో నుండి చదువుచున్నాడు. ఎవరి సాయమును లేకుండ నెలకొకసారి అతనికి సొమ్ము పంపుటను ఆమె ఆఱు నెలలు పట్టి నేర్చుకొనినది. ఒకనాడు ఆమె ఫోనులోని యాపు తనంతట తాను క్రొత్త వేషము వేసికొనినది. సొమ్ము పంపు గుర్తు ఉన్నచోట అప్పు ఇప్పింతుమను ప్రకటన వచ్చి కూర్చున్నది. పంపు గుర్తు పైకి పోయి, రంగు మారి, చిన్నదైనది. ఆమె రెండు మూడు సార్లు తప్పుచోట నొక్కి, భయపడి, ప్రక్క దుకాణములోని కుఱ్ఱవాని చేతికి ఫోను ఇచ్చినది. వాడు అడుగగా పిన్ను సంఖ్యయు చెప్పినది. ఆ కుఱ్ఱవాడు మంచివాడు గనుక ఏ నష్టమును జరుగలేదు. కాని ఆనాటినుండి ఆమె ప్రతినెలయు వానియొద్దకే పోవుచున్నది. ఆఱు నెలల చదువు అట్లు పోయినది.

ఈ సంగతిని ఎత్తి చెప్పుటకు కారణమున్నది. పిన్ను ఎవరికిని చెప్పవలదని బ్యాంకులవారు మనకు బోధించుచునే యున్నారు. బోధ మంచిదే. కాని తనంతట తాను వాడుకొనగలిగినవాడే తన రహస్యమును కాపాడుకొనగలడు. తెలిసిన దారి మాయమైనప్పుడు ముసలివారు ఇతరుల చేయి పట్టుకొనక తప్పదు. దొరకిన ప్రతి చేయియు నమ్మదగినదై యుండదు. బటను రూపము మార్చినవాడు తన కార్యాలయములో కూర్చుండి ఈ ఫలమును చూడడు. క్రొత్త వేషమును ఎందఱు మెచ్చిరో లెక్కించునేగాని, ఎందఱు తమ ఫోనును పరాయివాని చేతి కిచ్చిరో లెక్కింపడు; లెక్కించు ఉపాయమును వానికి లేదు.

పెద్ద సంస్థలు చేసిన మార్పుల చరిత్ర చూచినను ఇదే కనబడుచున్నది. 2013 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 7 అను పేర తన ఫోను రూపమంతయు మార్చినది. అంతకుముందు అందులోని బటనులు నిజమైన బటనులవలె ఉబ్బెత్తుగా కనబడుచుండెను. వ్రాసికొను చోటు గీతలుగల పసుపు కాగితమువలెను, పుస్తకములుండు చోటు కొయ్య బీరువావలెను ఉండెను. ఈ అలంకారము పాతబడినదని తలంచి, జోనీ ఐవ్ నాయకత్వమున దానిని తీసివేసి, చదునైన తెరను, సన్నని అక్షరములను తెచ్చిరి. అనేక చోట్ల బటను చుట్టునున్న గీతయు నీడయు పోయి వట్టి నీలపు మాట మాత్రము మిగిలెను. ఏది చదువుటకో, ఏది నొక్కుటకో తెలియక జనులు తికమకపడిరి. 2014 మార్చిలో వచ్చిన 7.1లో, కోరినవారికి బటనుల ఆకారము మరల కనబడునట్లు ఒక మీటను చేర్చిరి.

పండ్రెండేండ్లు గడచినవి. 2025 సెప్టెంబరులో అదే సంస్థ ఐఓఎస్ 26తో లిక్విడ్ గ్లాస్ అను గాజువంటి రూపమును తెచ్చినది. వెనుకనున్న బొమ్మలు బటనులగుండ కనబడుటచే అక్షరములు చదువుట కష్టమగుచున్నదని పలువురు మొఱపెట్టిరి. నవంబరులో వచ్చిన 26.1లో ఆ గాజును తేటగా నుంచుకొనుటయో, కొంత మసకచేసికొనుటయో వాడుకొనువాని యిష్టమునకు విడిచిరి. పారదర్శకతను తగ్గించు ఏర్పాటొకటి సెట్టింగుల లోలోపల మొదటినుండియు నున్న మాట నిజమే. కాని దాని జాడ ఎందఱెఱుగుదురు? రెండు మాఱులును దొరకిన మందు ఒక్కటే, ఎన్నుకొను స్వేచ్ఛ. దానిని కంటి కెదుట మొదటనే పెట్టియుండిన యెడల నష్టమేమో నాకు తెలియలేదు.

స్నాప్‌చాట్ అను యాపు 2018 ఆరంభమున తన తెరల కూర్పును మార్చగా, పాత రూపమును మరల ఇండని కోరుచు పండ్రెండు లక్షలకు పైబడిన జనులు విన్నపముపై చేవ్రాలు చేసిరి. ఆ సంవత్సరము మొదటి మూడు నెలలలో 19 కోట్ల 10 లక్షలుగా నున్న దినసరి వాడుకదారులు తరువాతి మూడు నెలలలో 18 కోట్ల 80 లక్షలకు దిగిరి. చిహ్నముల విషయమును ఇట్లే. 2020 అక్టోబరులో గూగుల్ సంస్థ జీమెయిల్, క్యాలెండరు, డ్రైవ్, మీట్ అను వాని చిహ్నములకు ఒకే రంగుల జతను పూసినది. విడివిడిగా చూచినప్పుడు అవి అందమైనవే. చిన్నవై ప్రక్కప్రక్కన చేరినప్పుడు ఒకదానికొకటి కవలలవలె నున్నవని చాలమంది విసిగికొనిరి. తోబుట్టువు లందఱికి ఒకే తాను గుడ్డతో చొక్కాలు కుట్టించుట తల్లికి సంతోషమే గాని, హాజరు పిలుచు ఉపాధ్యాయుని కష్టము ఆమెకేమి తెలియును?

ఇంత చెప్పితినని నన్ను మార్పునకే విరోధినిగా తలంపకుడు. మార్పు ఎట్లుండవలెనో మన చేతిలోని బైబిలునే చూడుడు. 1551లో రోబేర్ ఎస్తియెన్ అను ముద్రాపకుడు గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేసినప్పుడు వచనములకు సంఖ్యలు వేసెను. నాటినుండి ఆ గ్రంథము ఎన్ని అట్టలు మార్చినదో, ఎన్ని అచ్చులలో వచ్చినదో లెక్కలేదు. ముసలివారికి పెద్ద అక్షరముల ప్రతి, ప్రయాణికునకు జేబులో పట్టు చిన్న ప్రతి, ఇప్పుడు ఫోనులోనే ప్రతి. ఐనను యోహాను సువార్త మూడవ అధ్యాయము పదునాఱవ వచనము ఏ ప్రతిలోనైనను ఆ సంఖ్యయొద్దనే దొరకును. రూపము చదువరి అవసరమును బట్టి మారినది; చోటు మారలేదు. యాపులు చేయువారు దీనిని మాదిరిగా తీసికొనిన చాలును.

అవసరమును బట్టి మార్పవలసినవి చాల కలవు. వెబ్ పుటలు అందఱకును అందుబాటులో నుండుటకై ఏర్పడిన డబ్ల్యూసీఏజీ ప్రమాణములు, సామాన్యమైన అక్షరములకును వాని వెనుకటి రంగునకును మధ్య వెలుగు తారతమ్యము కనీసము 4.5కు 1 ఉండవలెనని చెప్పుచున్నవి. తెల్లని తెరమీది నల్లని అక్షరమునకు అది 21కి 1. నాజూకు కొఱకు లేత బూడిద అక్షరములు వేయువారు ఈ లెక్కను చూచుకొనవలెను. నొక్కదగిన చోటు సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పును, అంతే ఎత్తును ఉండవలెనని ఆండ్రాయిడ్‌వారి సలహా. పొలముపని చేసిన వ్రేలికి అంతకన్న చిన్న బటను ముల్లుమొనవంటిది. ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియనివారు పురుషులలో అరుదు కాదు గనుక రంగొక్కటే అర్థమును మోయరాదు. పాతకాలపు రైలు సిగ్నలు పగటివేళ రంగును నమ్ముకొనక, చేయి వాలుటను బట్టియే దారి యిచ్చుచుండెను.

మన తెలుగువారికి వేఱొక చిక్కు కలదు. బటనుల కొలతలను సాధారణముగా ఇంగ్లీషు మాటలను ఎదుట పెట్టుకొని నిర్ణయింతురు. ఇంగ్లీషు అక్షరము గీతపై నిలుచును. క్రిందికి తోకవేయునవి కొన్నియే. మన అక్షరమునకు తలపై గుడి, క్రింద వత్తు; స్త్రీ, రాష్ట్రము వంటి మాటలకు క్రిందనే రెండంతస్తులు. బటను ఎత్తును బిగించి వేసినచో వత్తు తెగిపోవును. అప్పుడు రద్దు అనునది రదు అగును, వద్దు అనునది వదు అగును. ఇక ఇంగ్లీషున ఓకే యని రెండక్షరములున్నచోట, సరే యనిన చాలునని తోచక అనువాదకుడు అంగీకరిస్తున్నాను అని పొడవుగా వ్రాయును. మాట సగము పోయి మూడు చుక్కలు మిగులును. దేనికి అంగీకరించుచున్నామో మొదలే తెలియదు, ఇప్పుడు అంగీకరించుచున్నామో లేదో కూడ తెలియదు! 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను అక్షరకూటము నొకదానిని చూపబోయి ఐఫోనులోని యాపులు కుప్పకూలుట చాలమందికి జ్ఞాపకముండును. కొలది దినములలో దానిని సరిచేసిరి. అది వేషము మార్పువలన వచ్చినది కాదు గాని, మన లిపిని ఎంత పరీక్షించి పంపుచున్నారో దానివలన తెలియుచున్నది.

తెలియక చేయు కీడు ఇంతవఱకు చెప్పితిని. తెలిసి చేయు మోసము కూడ కలదు. కొనుము అను బటను నారింజరంగున మెఱయుచుండగా, వద్దు అనునది లేతరంగులో దాగియుండును. 2023 నవంబరు 30వ తేదీన మన దేశములో వినియోగదారుల రక్షణకై ప్రకటింపబడిన మార్గదర్శకములు ఇట్టి వంచనరీతులను పదమూడింటిని పేర్కొనినవి. వానిలో తెర రూపమును వంకరచేసి జనులను త్రోవ తప్పించుట యొకటి. లేతరంగులోని వద్దు అను బటనునే అందు ఉదాహరణముగా చూపిరి. రంగు మార్చుటను ప్రభుత్వము నేరముగా నెంచు దినము వచ్చినదనిన, రంగు వట్టి ముచ్చట కాదనియేగదా అర్థము.

రెండు రూపములను పోషించుట చిన్న సంస్థలకు భారమని కొందఱందురు. నిజమే. ఎల్లకాలము పోషింపుమని నేను కోరుట లేదు. మార్పు వచ్చుటకు ముందు తెలుగులో ఒక మాట చెప్పి, కొన్ని నెలలు పాత రూపమునకు తిరిగిపోవు వీలుంచి, సొమ్ముతో సంబంధించిన బటనుల చోటును మాత్రము గట్టి కారణము లేనిదే కదల్పకుండుట యేమంత భారము? పండుగకు తోరణములు కట్టువాడు వాకిలిని వేఱు గోడకు మార్చడుగదా.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ యింటి పెద్దల ఫోనును వారి యనుమతితో తీసికొని, సెట్టింగులలో డిస్‌ప్లే అనుచోట అక్షరముల పరిమాణమును ఒక మెట్టు పెంచుడు. తెరమీది చిహ్నములను వారు చెప్పిన వరుసలో పెట్టి, ఆ వరుసను మరల కదల్పకుడు. పిన్ను అడుగకుడు, వారే నొక్కునట్లు ప్రక్కన నిలువుడు. అక్షరములు పెంచినప్పుడు ఏ యాపులో బటనుమీది మాట తెగిపోవుచున్నదో చూచి, ఆ సంగతిని ఆ యాపు చేసినవారికి తెలుగులోనే వ్రాయుడు. వ్రాయుటకు చోటు ప్లే స్టోరులో ఆ యాపు పుటయందే కలదు.