యంత్రము వేసిన పద్దుకు చేవ్రాలు ఎవరిది?

తాటాకులపై కావ్యములకు ప్రతులు వ్రాసిన తెలుగు లేఖకులు గ్రంథము చివర తమ పేరును, సంవత్సరమును, తప్పులున్న మన్నింపుడను విన్నపమును చేర్చుట వాడుక. ఉర్దూ, ఫార్సీ వ్రాతప్రతుల చివర కాతిబు తన పేరును, తేదీని వ్రాయుటయు అట్టిదే. ఈ రెండు మర్యాదల సారము ఒక్కటే: పని ఎవరు చేసిరో, దానికి పూచీ ఎవరిదో చదువరికి తెలియవలెను. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు రంగములో నేడు ఈ మర్యాదకే పరీక్ష వచ్చినది.

ప్రోగ్రాములో జరిగిన ప్రతి మార్పును వరుసగా పద్దు వేయు పద్ధతిని వర్షన్ కంట్రోలు అందురు. 1972లో బెల్ లాబొరేటరీస్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అను సాధనముతో ఈ మార్గమునకు నాంది పలికెను. నేడు విరివిగా వాడుకలోనున్న గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పని కొరకు నిర్మించెను. గిట్‌లోని ఒక పద్దుకు కమిట్ అని పేరు. ఆనాటి ఫైళ్ల స్థితి, అంతకుముందరి పద్దు గుర్తు, తేదీ, మార్పును గూర్చిన సందేశము అందులో ఉండును. పేర్లు మాత్రము రెండు: మార్పును వ్రాసినవారిది ఒకటి, దానిని పద్దులో చేర్చినవారిది మరియొకటి.

ఇప్పుడు కృత్రిమ మేధతో నడచు ఏజెంట్లు తామే ప్రోగ్రాము వ్రాసి తామే కమిట్ చేయుచున్నవి. వేరుగా చెప్పనిచో గిట్ ఆ కంప్యూటరులో ముందే అమర్చియున్న మనిషి పేరునే రెండు చోట్లను వ్రాసికొనును. అనగా యంత్రము చేసిన పని మనిషి చేతిపనిగా దాఖలగును. కొన్ని ఏజెంట్లు సందేశము చివర సహరచయితగా తమ పేరు చేర్చుచున్నను, అది అమరికను బట్టి జరుగునదే గాని గిట్ విధించిన నియమము కాదు. అందుచేత ఏజెంట్ల కొరకు ప్రత్యేకముగా కమిట్ సాధనమును నిర్మించువారు దానికి వివరణ పత్రమును కూడ అంత శ్రద్ధతోనే వ్రాయవలెనని మా అభిప్రాయము.

ఆ పత్రము ఏమి చెప్పవలెను? ఏజెంటు ఏ ఫైళ్లను పద్దులో చేర్చవచ్చునో మొదట చెప్పవలెను. ఉన్నవన్నియు ఒక్కసారిగా చేర్చినచో రహస్య సంకేతపదములు కూడ అందులో పడవచ్చును. తరువాతి కమిట్‌లో వాటిని తుడిచినను పాత పద్దులో నిలిచియే యుండును. రెండవది, కమిట్‌కు ముందు జరుగు తనిఖీలను దాటవేయుటకు గిట్‌లో మార్గమున్నది. ఏజెంటుకు ఆ మార్గము తెరచియున్నదో మూసియున్నదో తెలుపవలెను. మూడవది, ఇతరుల పద్దులను చెరిపివేయు అధికారము దానికి కలదా యనునది. నాలుగవది, పూచీ. 2004లో లినక్స్ కెర్నెల్ పనిలో ప్రతి మార్పు క్రిందను ‘సైన్డ్-ఆఫ్-బై’ అను పంక్తి వ్రాయు ఆచారము ఏర్పడినది. ఈ మార్పును ఇచ్చుటకు తనకు హక్కున్నదని పంపినవారు చేయు ధ్రువీకరణ అది. అట్టి మాట ఇచ్చుట మనిషికే చెల్లును. యంత్రము సహాయకుడు కావచ్చును గాని జామీనుదారు కాజాలదు.

ఏజెంటు ప్రోగ్రామును తానే చదివి గ్రహింపగలదు గదా, ఇంక పత్రమెందుకని కొందరందురు. ప్రోగ్రాము ఆ సాధనము ఏమి చేయుచున్నదో చెప్పును. ఏమి చేయవలెనని నిర్మాత సంకల్పించెనో చెప్పదు. ఈ రెంటిని పోల్చి చూచినప్పుడే దోషము బయటపడును. సంకల్పము వ్రాతలో లేనిచోట దోషమే నియమముగా చలామణి యగును.

అయితే వ్రాసినంత మాత్రమున చాలదు. సందిగ్ధవాక్యము ఎదురైనప్పుడు మనిషి ఆగి అడుగును. ఏజెంటు తనకు తోచిన అర్థముతో పని ముగింపవచ్చును. కావున ‘సాధ్యమైనంతవరకు’, ‘అవసరమును బట్టి’ వంటి జారుడు మాటలకు ఇట్టి పత్రములో చోటు ఉండరాదు. పత్రము నిషేధించినదానిని సాధనము కూడ నిరాకరింపవలెను. నిరాకరించినప్పుడు కారణమును, తరువాత చేయవలసినదానిని స్పష్టముగా తెలుపవలెను.

ఇది పెద్ద సంస్థల సమస్య, మనకేమి యని విద్యార్థిమిత్రులు తలంపరాదు. ప్రాజెక్టు పనిలో ఏజెంటు సహాయము పొందిన విద్యార్థి పేరు మీదనే ఆ పద్దులన్నియు ఉండును. పరీక్షకుడు ఒక కమిట్‌ను చూపి, ఈ మార్పు ఏల చేసితివని అడిగిన నాడు యంత్రము బదులు చెప్పదు. ఆ ప్రశ్నకు బదులు లేకపోయినచో, ఆ విద్యార్థి నిజముగా కష్టపడి చేసిన పని కూడ శంకకు లోనగును.

కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఒకటి కలదు. ప్రతి ప్రాజెక్టుతోపాటు ఒక పుట వివరణ కోరవలెను: ఏ సాధనము వాడితిరి, ఏ భాగము యంత్రము వ్రాసినది, దానిని ఎవరు చదివి సరిచూచిరి, దానికి చేయరానివని ఏవి విధించితిరి. గిట్ సందేశములను యూటీఎఫ్-8 లిపిసంకేతములలో వ్రాయవచ్చును గనుక కారణములను తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయుటకు అడ్డంకి లేదు. ఇంగ్లీషులో తడబడు విద్యార్థి తన భాషలో కారణమును చక్కగా చెప్పగలిగినచో ఆ పనిని అతడు గ్రహించినట్లే. ఈ నియమమునకు ధనవ్యయము లేదు. రానున్న విద్యాసంవత్సరము నుండియే దీనిని అమలు పరచుట సాధ్యమని మేము నమ్ముచున్నాము.