భుజమునకు గట్టిన కుంచె



ఉషాపరిణయ కథ మనలో వినని వారుండరు. స్వప్నమున గాంచిన ప్రియుడెవ్వడో యెఱుగక ఉష పరితపించుచుండగా, సఖియగు చిత్రరేఖ రాజకుమారుల రూపముల నెల్ల పటములపై వ్రాసి చూపినది. ఇందఱి ముఖములు వ్రాసిన చిత్రరేఖ తన ముఖమును వ్రాసికొనెనా యని మా అమ్మాయి యొకనాడు నన్నడిగినది. నాకు సమాధానము తోపలేదు. ఆ పిమ్మట, తన రూపమును తానే నీటిరంగులతో వ్రాసికొన్న యొక స్త్రీని గూర్చి చదువుట తటస్థించినది. ఇది పురాణము గాదు, ఇంగ్లండు దేశమున జరిగిన సంగతి.

ఆమె పేరు సారా బిఫిన్. 1784వ సంవత్సరమున సామర్సెట్ మండలమందలి ఈస్ట్ క్వాంటాక్స్‌హెడ్ అను పల్లెలో జన్మించినది. పుట్టుకతోనే చేతులు లేవు, కాళ్ళు మిక్కిలి కుఱుచలు. పెద్దదైన పిదపను ఎత్తు 37 అంగుళములే యని నాటి ప్రకటన పత్రములు చెప్పుచున్నవి. అట్టి బిడ్డ నోటితో సూది పట్టి కుట్టుటయు, కత్తెర నడపుటయు, అక్షరములు వ్రాయుటయు నేర్చినది. కుట్టుపనిలో దారము సూదిబెజ్జమున నెక్కించుటకే మనము విసుగుకొనుచుందుము గదా!

ఇరువదేండ్ల ప్రాయమున డ్యూక్స్ అను ప్రదర్శకుడు ఒప్పందము వ్రాయించుకొని ఆమెను తిరునాళ్ళ వెంట ద్రిప్పెను. జనులు రుసుము చెల్లించి గుడారములోనికి వచ్చి, ఆమె నోటితో వ్రాయుట చూచి విస్తుపోయెడివారు. చిత్రములు అమ్మగా వచ్చిన సొమ్ము అతనిది. ఆమెకు ముట్టినది ఏడాదికి అయిదు పౌండ్లని చెప్పుదురు. 1808 ప్రాంతమున లండనులోని బార్తలోమ్యూ తిరునాళ్ళలో మోర్టన్ ప్రభువు ఆమె పని చూచి, ఇది గారడి కాదు, విద్య యని గ్రహించెను. ఆయన పోషణముననే విలియం క్రెయిగ్ అను చిత్రకారునికడ ఆమె క్రమముగా శిక్షణము పొందినది. 1821లో కళాసమాజమువారు ఆమెకు వెండి పతకము నిచ్చిరి.

ఆమె వృత్తి సూక్ష్మచిత్రములు వ్రాయుట. దంతమును పలుచని రేకుగా గోసి, దాని నునుపు తగ్గునట్లు పొడితో రుద్ది, దానిపై నీటిరంగులు వేయవలెను. రంగు తడిగా నుండగా జాఱిపోవును. కావున వెడల్పుగా పూయరాదు. కుంచెకొనతో చుక్క చుక్కగా, సన్నని గీతలుగా నింపుకొనుచు పోవలెను. చెక్కిళ్ళకడ రంగు పలుచన చేసినచో అడుగున నున్న దంతపు కాంతి మేనిచాయవలె వెలుగును. వ్రేళ్ళున్నవారికే చేయి వణకు నీ పనిని ఆమె భుజమును నోటిని ఆధారముగా గొని చేసినది! 1812లో ఆమె వ్రాసిన పక్షియీకల చిత్రము గలదు. మెత్తని నూగు నొక్కొక్క పోగుగా దీర్చిన తీరు చూడదగినది.

ఆమె స్వీయచిత్రమున కుంచె దుస్తు భుజముకడ తగిలింపబడి యున్నది. దానిని దాచలేదు, చూపఱులకు ముందుగా గనబడుటకుగా నెత్తి చూపనూ లేదు. ఒక చిత్రకర్త్రి తన పనిముట్టుతో గూర్చుండి యున్నది, అంతియే. తొలుత ఆ బొమ్మ చూచినపుడు నా కన్నులును ముఖమును విడిచి భుజముపైననే నిలిచినవని చెప్పుటకు సిగ్గగుచున్నది. తిరునాళ్ళ గుడారమున రుసుమిచ్చి నిలిచినవారికిని నాకును భేదమేమి? అయితే ఆమెయే కొన్ని చిత్రములపై ‘చేతులు లేకయే వ్రాసినది’ అని సంతకము చేసియున్నది గదా యని మీరడుగవచ్చును. అది గర్వోక్తి యని కొందఱందురు. నాకట్లు తోచదు. లోకము దేనిని చూడవచ్చునో తెలిసి, దానినే తన జీవనమునకు వినియోగించుకొన్న స్త్రీ వివేకమది.

1824లో రైట్ అను నాతనిని వివాహమాడినది. ఆ కాపురము నిలువలేదు. కొంతకాలము భర్త పేరితో చిత్రములు వ్రాసి, తరువాత మరల బిఫిన్ అనియే వ్రాసికొన్నది. ఆ కాలపు ఇంగ్లండు ధర్మము ననుసరించి భార్య యార్జించిన ధనము భర్తదే. 1870లో గాని ఆ చట్టము మాఱలేదు. వారిని చూచి మనము నవ్వ బనిలేదు. స్త్రీ శిల్పమువలన గడించిన ధనముపై భర్తకే స్వామ్యమని మన కాత్యాయనస్మృతియు జెప్పినది.

ఆమెకు తగిలిన పెద్ద దెబ్బ వేఱొకటి. 1839లో ఛాయాచిత్రము బయలుదేఱినది. కొలదికాలములోనే నిమిషములలో ముఖము పట్టు యంత్రము ముందు, దినములు పట్టు సూక్ష్మచిత్రమునకు గిరాకి పడిపోయినది. చిన్ననాట తిరునాళ్ళవాడు దోచినదానికంటె ముసలితనమున ఈ యంత్రము దోచినదే హెచ్చని నా యభిప్రాయము. 1847లో లివర్‌పూల్ నగరమున రిచర్డ్ రాత్‌బోన్ అను సజ్జనుడు చందాలు ప్రోగుచేసి ఆమెకు వార్షికవృత్తి యేర్పఱచెను. అయినను ఆమె కుంచె విడువలేదు. 1850లో లండనులోని రాయల్ అకాడమీలో ఆమె చిత్రము ప్రదర్శింపబడినది. ఆ యేడే అక్టోబరు 2వ తేదీన లివర్‌పూల్‌లో కన్నుమూసినది.

డికెన్స్ తన నవలలు మూటిలో ఆమె పేరెత్తినాడు గాని, చిత్రముల నెవరును చాలకాలము తలపలేదు. 2019 డిసెంబరులో లండనున ఆమె స్వీయచిత్రము నొకదానిని వేలము వేసిరి. వేయి పౌండ్లకు అటునిటుగా పలుకునని తలచిన బొమ్మ 1,37,500 పౌండ్లకు అమ్ముడుపోయినది. 2022లో ఆమె చిత్రములతోనే అచ్చట నొక ప్రదర్శనము జరిగినది.

మీ యిండ్లలో తాతముత్తాతల నాటి నీటిరంగుల బొమ్మలున్నచో ఎండ తగులు గోడకు వ్రేలాడదీయకుడు. ఎఱ్ఱరంగు ముందుగా వెలిసిపోయి ముఖములు పాలిపోవును. దుమ్ము పట్టినదని తడిగుడ్డతో నెన్నడును తుడువకుడు, రంగు గుడ్డతో లేచివచ్చును. వెనుకవైపున సంతకము గాని పేరు గాని యున్నదేమో చూచి, వేఱొక కాగితమున వ్రాసి పెట్టుడు.

మా అమ్మాయికి సారా చిత్రము చూపితిని. కొంతసేపు చూచి, “కళ్ళు మన వైపే చూచుచున్నవేమమ్మా?” అన్నది. అద్దములో చూచికొని వ్రాసినది గనుక అని చెప్పితిని. అప్పటినుండి అద్దమును గోడకానించి, పలకయు బలపమును ముందిడుకొని కూర్చుండుచున్నది. ఇంతవరకు ముక్కు కుదురలేదు.